ఫుల్ స్కాలర్‌షిప్ కోసం వచ్చిన అబ్బాయి 25 శాతంతో వెళ్ళాడు: ఒక టెన్నిస్ కేస్ స్టడీ

అమెరికా కాలేజీలకు ఆట మీద వెళ్ళాలనుకునే పిల్లలకు దారి చూపడం నా పని. ఈ కేసు ఎంచుకోవడానికి ఒకటే కారణం: ఇందులోని అబ్బాయి మంచి ఆటగాడే కానీ అసాధారణ ఆటగాడు కాదు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా తరఫున 2007, 2008లో వరుసగా ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) సింగిల్స్ టైటిల్ గెలిచాడు. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. ఆ స్థాయి పిల్లల్ని కోచ్‌లే వెతుక్కుంటూ వస్తారు, నాలాంటివాళ్ళతో పెద్దగా పనుండదు. వాళ్ళకు రెండు మెట్లు కిందున్న పిల్లలకే ఈ లెక్కలన్నీ కావాలి. హైదరాబాద్‌లో అలాంటివాళ్ళే ఎక్కువ.

కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కాలేజీల పేర్లు రాయలేదు. డాలర్ల అంకెల్ని కొంచెం సర్ది రాశాను, లెక్క మాత్రం మారదు.

నేపథ్యం

అబ్బాయి ఎడమచేతి వాటం. తొమ్మిదేళ్ళప్పుడు రాకెట్ పట్టాడు. నగరం శివార్లలోని ఒక అకాడమీలో పొద్దున, సాయంత్రం ప్రాక్టీస్. పదో తరగతి దాకా సీబీఎస్ఈ, తర్వాత ఇంటర్ ఎంపీసీ. హాజరు విషయంలో కాస్త చూసీచూడనట్టు పోయే కాలేజీని వెతికి మరీ చేర్పించారు. నాన్నది ఉద్యోగం, అమ్మది ఇంటి దగ్గర చిన్న వ్యాపారం. ఆట మీద అప్పటికే వాళ్ళు పెట్టిన ఖర్చు చూస్తే, మధ్యతరగతి కుటుంబం ఇంత ఎలా మోసిందా అనిపించింది.

2024 సెప్టెంబరులో, అబ్బాయి ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా నా దగ్గరికి వచ్చారు. నాన్న చేతిలో మందపాటి ఫైలు. స్కూల్ గేమ్స్ జాతీయ పోటీల సర్టిఫికెట్లు, జిల్లా, రాష్ట్ర స్థాయి పతకాల ఫొటోలు, అన్నీ వరసగా, ప్లాస్టిక్ కవర్లలో. మన దగ్గర స్పోర్ట్స్ కోటా సీటుకు ఈ ఫైలే ప్రాణం. ఏ పోటీ, ఏ స్థాయి, ప్రాధాన్య క్రమంలో ఎక్కడుంది, సర్టిఫికెట్ అసలైనదేనా అని చూసి సీటు ఇస్తారు. అమెరికా స్కాలర్‌షిప్ కూడా ఇలాగే, కాకపోతే ఇంకాస్త పెద్ద కోటా అని ఆయన అనుకున్నారు. ఇలా అనుకోని తల్లిదండ్రుల్ని నేను చాలా అరుదుగా చూశాను.

అసలు తేడా ఇక్కడే ఉంది. అక్కడ స్కాలర్‌షిప్ గడిచిన విజయాలకు ఇచ్చే బహుమతి కాదు. ఒక కోచ్ చేతిలో కొంత డబ్బుంటుంది, జట్టులో కొన్ని ఖాళీలుంటాయి. ఆ ఖాళీకి మీరు సరిపోతారా, మీ మీద పెట్టే డాలరు వల్ల మ్యాచ్‌లు గెలుస్తామా అన్నదే ఆయన చూసుకుంటాడు. ఫైలు తెరవడు.

వచ్చిన సమస్య

అప్పటికే వాళ్ళు ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టారు. "వంద శాతం స్కాలర్‌షిప్ గ్యారంటీ" అన్నారట. ఆ కన్సల్టెన్సీ వందల మంది కోచ్‌లకు ఒకే మెయిల్ పంపింది. నెలలు గడిచినా పనికొచ్చే జవాబు ఒక్కటీ లేదు.

ఆ మెయిళ్ళు వెళ్ళిన జాబితా అడిగి తెప్పించుకున్నాను. జవాబులు ఎందుకు రాలేదో చూడగానే అర్థమైంది. కొన్ని మెయిళ్ళు మగపిల్లల టెన్నిస్ జట్టే లేని కాలేజీలకు, మహిళల జట్టు కోచ్‌లకు వెళ్ళాయి. కొన్ని డివిజన్ 3 కాలేజీలకు వెళ్ళాయి. ఎన్‌సీఏఏ కాలేజీలు మూడు డివిజన్లుగా ఉంటాయి, 1 అన్నిటికంటే పై మెట్టు. డివిజన్ 3లో ఆట మీద స్కాలర్‌షిప్ ఇవ్వడం నిబంధనల ప్రకారమే కుదరదు. రెండు మూడు ఐవీ లీగ్‌కు (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది యూనివర్సిటీలు) వెళ్ళాయి, వాళ్ళూ ఆట మీద ఇవ్వరు, కుటుంబ ఆర్థిక పరిస్థితిని బట్టే సాయం చేస్తారు. మిగిలినవి పెద్ద పేరున్న డివిజన్ 1 జట్లకు. అప్పటికి అబ్బాయి యూటీఆర్ 10.7. యూటీఆర్ అంటే 1 నుంచి 16.5 దాకా ఉండే రేటింగ్. ఎవరి మీద ఎంత తేడాతో గెలిచారు, ఓడారు అన్నదాన్ని బట్టి మారుతుంది. కాలేజీ కోచ్ మొదట చూసే అంకె ఇదే. ఆ పెద్ద జట్లలో చివరి స్థానంలో ఆడేవాడికి కూడా 12 పైనే ఉంటుంది.

మెయిల్లో ఈ అంకె లేనే లేదు. పతకాల జాబితా, "హార్డ్ వర్కింగ్ అండ్ డెడికేటెడ్" అన్న మాటలు ఉన్నాయి.

వాళ్ళు నా ముందు పెట్టినవి మూడు ప్రశ్నలు. ఫుల్ స్కాలర్‌షిప్ వస్తుందా? రాకపోతే ఒక ఏడాది ఆగి, టోర్నమెంట్లు ఆడి రేటింగ్ పెంచుకుని వెళ్ళొచ్చా? ఈలోగా లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్చి ఎప్‌సెట్ కూడా చూసుకుంటే రెండు విధాలా మంచిదేగా?

మొదట తేల్చిన విషయాలు

ఫుల్ స్కాలర్‌షిప్ మాట ముందే తేల్చేశాను. అప్పటి నిబంధనల్లో డివిజన్ 1 మగపిల్లల టెన్నిస్ జట్టు మొత్తానికి 4.5 స్కాలర్‌షిప్పులే. ఎనిమిది నుంచి పది మంది ఉన్న జట్టులో కోచ్ వాటిని ముక్కలు చేసి పంచుతాడు. ఒకరికి 70 శాతం, ఇంకొకరికి 30, మరొకరికి పుస్తకాల ఖర్చు మాత్రమే. అదే ఆడపిల్లల టెన్నిస్‌లో ఎనిమిది మందికి ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్పులు ఉండేవి. "మా అకాడమీ అమ్మాయికి ఫుల్ వచ్చింది, మావాడి రేటింగ్ అంతకంటే ఎక్కువ" అని నాన్న అన్నమాట అబద్ధం కాదు. కానీ ఆ పోలిక ఇక్కడ చెల్లదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. నా దగ్గరికి బ్యాడ్మింటన్ పిల్లల తల్లిదండ్రులు చాలామంది వస్తారు. ఈ ఊళ్ళో అది సహజం. ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ ఆటల్లో బ్యాడ్మింటన్ లేదు, క్రికెట్ లేదు. రాష్ట్రంలో నంబర్ వన్ అయినా ఆ దారిలో స్కాలర్‌షిప్ ఉండదు. పదేళ్ళు కష్టపడిన పిల్లకు ఈ మాట చెప్పడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇబ్బందిగా ఉంటుంది.

ఏడాది ఆగడం గురించి ఎక్కువసేపు మాట్లాడాల్సి వచ్చింది. మన దగ్గర లాంగ్ టర్మ్ అంటే తప్పుగా చూడరు, పట్టుదల కింద లెక్క. డివిజన్ 1 టెన్నిస్‌లో అది ఖరీదైన పని. ఈ కేసు నడిచిన నాటి నిబంధన ప్రకారం, స్కూలు చదువు అయిపోయాక చాలా ఆటలకు ఒక ఏడాది గడువుంటే టెన్నిస్‌కు ఆరు నెలలే. ఆ గడువు దాటాక కూడా పోటీల్లో ఆడుతూ ఆలస్యంగా చేరితే, అలా గడిచిన ఒక్కో ఏడాదికి కాలేజీలో ఆడే ఒక్కో సీజన్ పోతుంది. పైగా చేరిన మొదటి ఏడాది బయట కూర్చోవాలి. మనవాడు 2025 మే నాటికి ఇంటర్ ముగిస్తాడు. 2026 ఆగస్టులో చేరాలంటే నాలుగు సీజన్లలో ఒకటి కోల్పోయినట్టే. రేటింగ్ అర పాయింటు పెరిగినా, మూడే సీజన్లు ఆడగల, మొదటి ఏడాది ఆడలేని కుర్రాడి మీద కోచ్ డబ్బు పెట్టడు. ఎప్‌సెట్ రాయడానికి మాత్రం అడ్డేమీ లేదని చెప్పాను. రాశాడు. సీటు రాదన్న భయం ఇంట్లో తగ్గితే నా పనీ తేలికవుతుంది.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఆట గురించి కానే కాదు, తొమ్మిదో తరగతి మార్కులు. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ తొమ్మిది నుంచి పన్నెండు దాకా ప్రతి ఏడాది మార్కులూ చూస్తుంది. 16 కోర్ సబ్జెక్టులు ఉండాలి. డివిజన్ 1కి వాటిలో కనీసం 2.3 జీపీఏ, డివిజన్ 2కి 2.2. శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష) స్కోరు తప్పనిసరి అన్న నిబంధనను 2023లో తీసేశారు. ఎంపీసీ పిల్లలకు 16 సబ్జెక్టులు సమకూరడం కష్టం కాదు. నాలుగేళ్ళ ఇంగ్లిష్, నాలుగేళ్ళ లెక్కలు, సైన్సులు, తొమ్మిది పదుల్లో సోషల్, రెండో భాష కలిపితే సరిపోతాయి. కానీ మన ఇళ్ళలో పదో తరగతి మెమో బీరువాలో ఉంటుంది, తొమ్మిదోది పాత పేపర్లతో పాటు పోతుంది. ఈ అబ్బాయి తొమ్మిది తర్వాత స్కూలు మారాడు. ఆ పాత స్కూలు యాజమాన్యం కూడా మారింది. రిజిస్టర్ ఎక్కడుందో తెలిసిన ఒక పాత క్లాస్ టీచర్ దొరికారు కాబట్టి సరిపోయింది, లేకపోతే కేసు అక్కడే ఆగేది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, మెమోలో పొడి అక్షరంగా ఉండటం వల్ల వచ్చిన తిప్పలు వేరే.

ప్రైజ్ మనీ లెక్క కూడా రాయించాను. పురుషుల టోర్నమెంట్లలో ఆడి కాస్త గెలిచాడు. కాలేజీలో చేరకముందు టెన్నిస్ ఆటగాడు ఏడాదికి 10,000 డాలర్ల దాకా తీసుకోవడానికి అప్పటి నిబంధన ఒప్పుకునేది. మనవాడు గెలిచింది దాని దరిదాపుల్లో కూడా లేదు. అయినా ఏ టోర్నమెంట్, ఎంత వచ్చింది, ప్రయాణానికి ఎంతైంది అని కాగితం మీద ఉంటే, తర్వాత అడిగినప్పుడు గుర్తు తెచ్చుకునే అవసరం రాదు.

చేసి చూసినవి

మెయిల్ మొత్తం మార్చాం. పతకాలు తీసేశాం. మొదటి రెండు వాక్యాల్లో యూటీఆర్, ఏ ఏడాది చేరతాడు, ఎడమచేతి వాటం, డబుల్స్‌లో నెట్ దగ్గర ఆడతాడు. తర్వాత మార్కులు, శాట్ స్కోరు. నిబంధన తీసేసినా శాట్ రాయించడానికి కారణం ఉంది, దాని సంగతి తర్వాత వస్తుంది.

డబుల్స్‌ను ముందుకు తేవడం అబ్బాయికి నచ్చలేదు. "నేను సింగిల్స్ ప్లేయర్‌ని మేడమ్" అన్నాడు. కాలేజీ మ్యాచ్‌లో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్. మూడు డబుల్స్‌లో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు వస్తుంది. మొత్తం ఏడు పాయింట్ల ఆటలో అది చిన్నది కాదు. 10.7 ఉన్న కుర్రాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ళలో నెట్ దగ్గర భయపడని ఎడమచేతి వాటం వాళ్ళు తక్కువ. కోచ్‌కు దొరకని సరుకు ఏదో అదే ముందు పెట్టాలి.

వీడియో కూడా మార్చాం. పాతదాంట్లో పాట పెట్టి, ఫోర్‌హ్యాండ్ విన్నర్లు మాత్రమే కత్తిరించి అతికించారు. కోచ్‌కు దానివల్ల ఏమీ తెలియదు. కోర్టు వెనక నుంచి, రెండు వైపులా కనిపించేలా, స్కోరుతో సహా, ఓడిన పాయింట్లు కూడా ఉంచి, కోత లేకుండా రెండు సెట్లు తీయించాం. ఒత్తిడిలో రెండో సర్వ్ ఎలా వేస్తాడు, పాయింటు పోయాక ముఖం ఎలా పెడతాడు అన్నవి కోచ్‌లు నిజంగా చూస్తారు.

తర్వాత జాబితా. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో జట్టు సభ్యుల వివరాలు ఉంటాయి. అందులో ఎవరు ఆఖరి ఏడాది? ముగ్గురు నలుగురు వెళ్ళిపోతుంటే అక్కడ ఖాళీ ఉంది, డబ్బూ విడుదలవుతుంది. జట్టంతా మొదటి, రెండో ఏడాది పిల్లలే అయితే మెయిల్ దండగ. పాత ఫలితాల్లో డబుల్స్ ఎక్కడ ఓడుతున్నారో కూడా చూశాం. ఈ పనికి తెలివి అక్కర్లేదు, ఓపిక కావాలి. రాత్రి ఎనిమిదింటికి ప్రాక్టీస్ అయ్యాక అబ్బాయి చేతే చేయించాను. కోచ్‌తో వీడియో కాల్లో మాట్లాడాల్సింది వాడే కదా.

పనిచేయనిది

మొదటి వరసలో మధ్యస్థాయి డివిజన్ 1 జట్లను పెట్టాం. రేటింగ్ అంచు మీద ఉందని తెలుసు. అయినా ముందు అటు వెళ్ళడానికి కారణం: అక్కడ దొరికితే డబ్బూ, ఆట స్థాయీ రెండూ ఎక్కువ. అక్కడ కాదన్నాక కిందికి రావడానికి సమయం ఉంటుంది, కింది నుంచి పైకి వెళ్ళడానికి ఉండదు. జవాబులు వచ్చాయి. ఒక కోచ్ రెండుసార్లు వీడియో కాల్ చేసి, డిసెంబరులో "సగం దాకా ఇవ్వగలను" అన్నాడు. ఇంట్లో పండగ వాతావరణం.

నోటిమాటకు విలువ లేదని అప్పుడే చెప్పాను. ఇదివరకు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒక పత్రం ఉండేది, 2024 అక్టోబరులో ఎన్‌సీఏఏ దాన్ని ఎత్తేసింది. కాలేజీ రాసి, రెండు వైపులా సంతకాలైన ఆర్థిక సాయ ఒప్పందమే ఇప్పుడు లెక్క. అది అడిగితే కోచ్ "కొంచెం ఆగండి" అన్నాడు.

ఆ ఆగడానికి కారణం అతని చేతిలో లేదు. ఆటగాళ్ళు తమకు రావాల్సిన డబ్బు కోసం వేసిన హౌస్ వర్సెస్ ఎన్‌సీఏఏ కేసు రాజీ అప్పుడు కోర్టు ముందుంది. అది అమల్లోకి వస్తే, అందులో చేరిన కాలేజీలకు 4.5 లాంటి స్కాలర్‌షిప్ పరిమితులు పోతాయి. వాటి స్థానంలో జట్టు సభ్యుల సంఖ్యకు పరిమితి వస్తుంది, టెన్నిస్‌కు పది మంది. ఈ వార్త చదివి నాన్న నాకు రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టారు: "పరిమితి తీసేస్తున్నారట, ఇక పది మందికీ ఫుల్!" ఆ ఉత్సాహం మీద నీళ్ళు చల్లక తప్పలేదు. పరిమితి తీసేస్తే ఇవ్వొచ్చు అన్నారు, ఇవ్వాలి అనలేదు. ఆ డబ్బు కాలేజీ తెచ్చుకోవాలి. అదే రాజీలో ఒక్కో కాలేజీ తన ఆటగాళ్ళకు నేరుగా, మొదటి ఏడాది 2025-26లో సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా చెల్లించే వీలుంది. అందులో పెద్ద భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకే పోతుంది. టెన్నిస్ బడ్జెట్ పెరుగుతుందని ఆశ పెట్టుకునే స్థితి కాదు.

ఆ కోచ్ జట్టులో అప్పటికే పదకొండు మంది ఉన్నారు. మార్చిలో ఇంకో దెబ్బ తగిలింది. వేరే కాలేజీ నుంచి మారాలనుకుంటున్న ఇద్దరు సీనియర్లు అతనికి దొరికారు. 2024 నుంచి చదువు సరిగా ఉన్న ఆటగాడు ఎన్నిసార్లు కాలేజీ మారినా వెంటనే ఆడొచ్చు. కోచ్ వైపు నుంచి చూస్తే, అమెరికా కాలేజీ టెన్నిస్‌లో రెండేళ్ళ ఫలితాలున్న ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు ఒకవైపు, వీసా వస్తుందో రాదో తెలియని పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఇంకోవైపు. అతను మర్యాదగానే కాదన్నాడు.

జూన్ దాకా ఆగి కోర్టు తీర్పు చూద్దామని నాన్న పట్టుబట్టారు. వెనక్కి లెక్క వేసి చూపించాను. ఆగస్టు మధ్యలో క్లాసులు. అంతకుముందు వీసా ఇంటర్వ్యూ, దానికి ముందు ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం), దానికి ముందు సంతకమైన ఒప్పందం, బ్యాంకు కాగితాలు. ఏప్రిల్‌లో నిర్ణయం కాకపోతే 2025 పోయినట్టే, అప్పుడు ఆరు నెలల నిబంధన కోరలు చాస్తుంది. తుది ఆమోదం చివరికి జూన్ 6న వచ్చింది.

పనిచేసింది

జనవరి నుంచే పక్కన రెండో జాబితా నడుపుతున్నాం: డివిజన్ 2, ఎన్‌ఏఐఏ (ఎన్‌సీఏఏ కాకుండా, ఎక్కువగా చిన్న కాలేజీల ఆటల్ని నడిపే వేరే సంస్థ) కాలేజీలు. జూనియర్ కాలేజీ (మన ఇంటర్ కాలేజీ కాదు, అక్కడి రెండేళ్ళ కాలేజీ) దారి కూడా చెప్పాను, రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెతుక్కోవాలంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. డివిజన్ 2 వైపు తిరగడానికి రేటింగ్ ఒక్కటే కారణం కాదు. హౌస్ రాజీ డివిజన్ 1కు సంబంధించింది. డివిజన్ 2 మగపిల్లల టెన్నిస్‌లో 4.5 పరిమితి అలాగే ఉంది కాబట్టి అక్కడి కోచ్‌కు తన చేతిలో ఎంతుందో జనవరిలోనే తెలుసు. గట్టిగా అంకె చెప్పగలవాడితో మాట్లాడటం అప్పుడు మాకు అవసరం.

ఈ దశలో తీసుకున్న ఒక నిర్ణయం గురించి వివరంగా చెప్పాలి. మెయిల్లో "మా కుటుంబం ఏడాదికి 15,000 డాలర్ల దాకా పెట్టుకోగలదు" అని రాయించాను. నాన్నకు కోపం వచ్చింది. "మేడమ్, కోఠిలో చీర కొనేటప్పుడు పర్సులో ఎంతుందో ముందే చెబుతామా?" అన్నారు. బేరంలో ఆయన మాట నిజమే. కానీ ఇక్కడ అవతలివాడు లాభం చూసుకునే వ్యాపారి కాదు, ఇంత డబ్బుతో ఎనిమిది మందిని సర్దుకోవాల్సిన మనిషి. విదేశీ కుర్రాడితో నెల రోజులు మాట్లాడాక "మాకు ఫుల్ కావాలి" అంటే ఆ నెల వృథా. అంకె ముందే తెలిస్తే, కాలేజీ మొత్తం ఖర్చులోంచి దాన్ని తీసేసి, మెరిట్ ఎంత వస్తుందో అడ్మిషన్ ఆఫీసును అడిగి, మిగిలింది తన డబ్బుతో పూడ్చగలడో లేదో పది నిమిషాల్లో తేల్చుకుంటాడు. ఆ వాక్యం పెట్టాక జవాబులు తొందరగా రావడం మొదలైంది. కాదన్న జవాబులు కూడా తొందరగానే వచ్చాయి, వాటివల్లా మేలే జరిగింది.

శాట్ ఇక్కడ ఉపయోగపడింది. చదువు మీద వచ్చే మెరిట్ డబ్బు అడ్మిషన్ ఆఫీసు నుంచి వస్తుంది, కోచ్ బడ్జెట్ నుంచి కాదు. మెరిట్ బాగా వచ్చే కుర్రాడు కోచ్‌కు చవకగా దొరికిన ఆటగాడు.

చివరికి రెండు ఒప్పందాలు మిగిలాయి. ఒకటి ఎన్‌ఏఐఏ ప్రైవేటు కాలేజీ, "80 శాతం". రెండోది డివిజన్ 2 ప్రభుత్వ యూనివర్సిటీ, "25 శాతం". ఇంట్లో అందరూ 80 వైపే. అమ్మ మాత్రం "దేంట్లో 80?" అని అడిగారు. ఆ కేసు మొత్తంలో అంతకంటే మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

మొదటి కాలేజీలో ట్యూషన్ 30,000, హాస్టల్, తిండి 12,000, ఫీజులు, ఇన్సూరెన్స్ 4,000, మొత్తం 46,000 డాలర్లు. ఆ 80 శాతం ట్యూషన్ మీద మాత్రమే, పైగా మెరిట్ కూడా అందులోనే కలిపేశారు. తగ్గేది 24,000. కట్టాల్సింది 22,000. రెండోదాంట్లో మొత్తం ఖర్చు 34,000. అందులో ట్యూషన్ 20,000. మార్కులు, శాట్ ఆధారంగా ఆ రాష్ట్రం పిల్లలు కట్టే 9,000కే ట్యూషన్ తగ్గించారు, 11,000 పోయింది. కోచ్ ఇచ్చిన 25 శాతం మొత్తం ఖర్చు మీద, అంటే 8,500. కట్టాల్సింది 14,500. డాలరు 86 రూపాయల లెక్కన మొదటిది దాదాపు 19 లక్షలు, రెండోది 12.5 లక్షలు. ఏడాదికి ఆరు లక్షలకు పైగా తేడా, అదీ శాతం తక్కువున్న వైపే.

పన్ను గురించి ఇక్కడ ఎవరూ చెప్పరు. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థికి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలకు పోయే స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. హాస్టల్, తిండికి పోయే భాగం మీద ఉంది, కాలేజీ మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటుంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ వాడుకోవచ్చు, రిటర్న్ వేస్తే చాలావరకు వెనక్కి వస్తుంది. ఫుల్ స్కాలర్‌షిప్ వచ్చినవాళ్ళకే ఈ లెక్క పెద్దది. మనవాడి 8,500 మిగిలిన 9,000 ట్యూషన్‌లోనే సరిపోయింది కాబట్టి ఆ గొడవ లేదు.

ఒప్పందం ఏప్రిల్ చివర్లో సంతకమైంది. మే 27న అమెరికా స్టూడెంట్ వీసాల కొత్త స్లాట్లు ఆపేసింది. జూన్ 18న మళ్ళీ మొదలైనా, సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలన్న షరతుతో. ఆ మూడు వారాలు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, టెన్షన్‌లో నాన్నకు బీపీ మాత్రలు మొదలయ్యాయి. జులైలో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాట్ దొరికింది. ఇంటర్వ్యూలో, మిగతా డబ్బు ఎవరు కడతారు అన్నదే ముఖ్యమైన ప్రశ్న. ఐ-20 మీద స్కాలర్‌షిప్ ఎంత, కుటుంబం ఎంత అని విడివిడిగా ఉంది, బ్యాంకు కాగితాలు దానికి సరిపోయాయి. వీసా వచ్చింది.

ఈ కేసు నుంచి నేను మార్చుకున్నవి, మార్చుకోనివి

ఇప్పుడు ఏ కుటుంబం వచ్చినా మొదటిసారి కూర్చున్నప్పుడు శాతం అన్న మాట వాడనివ్వను. జేబులోంచి ఏడాదికి ఎంత పోతుంది అన్నదే మాట్లాడతాం. కోచ్‌ను అడిగే ప్రశ్నలు కూడా రాసి ఇస్తాను: ఈ శాతం దేని మీద? మెరిట్ దీనికి అదనమా, ఇందులోనేనా? వచ్చే ఏడాది ట్యూషన్ పెరిగితే ఇదీ పెరుగుతుందా, అంకెగా ఆగిపోతుందా? నా స్థానంలో ఇప్పుడు ఆడుతున్నది ఎవరు, ఎప్పుడు వెళ్ళిపోతారు?

స్కాలర్‌షిప్‌ను ఏడాదికోసారి పునరుద్ధరించాలి అన్నది నాన్న ముందు పట్టించుకోలేదు. నాలుగేళ్ళకూ కలిపి ఇచ్చారనుకున్నారు. చాలా ఒప్పందాలు ఒక్క ఏడాదివే. ఆ ఏడాది మధ్యలో గాయమైందనో, ఆట బాగోలేదనో తగ్గించకూడదు. వచ్చే ఏడాదికి తగ్గించాలన్నా, ఆపాలన్నా జులై 1లోపు రాతపూర్వకంగా చెప్పాలి, విద్యార్థి అప్పీలు చేసుకోవచ్చు. మెరిట్ భాగం మాత్రం జీపీఏ మీద నిలబడుతుంది. అందుకే ఆట పోయినా నిలిచే డబ్బు ఎంత, ఆటతో పోయే డబ్బు ఎంత అని రెండు వరసల్లో రాయిస్తాను. ఈ అబ్బాయికి పెద్ద వరస మొదటిదే కావడం నాకు ధైర్యాన్నిచ్చింది.

పేరున్న డివిజన్ 1 కాలేజీని ముందు ప్రయత్నించడం మాత్రం ఇప్పటికీ మానలేదు, రెండో జాబితా పక్కన నడుస్తున్నంతవరకు. అంచు మీదున్న కుర్రాడికి ఆ కాల్స్ వల్ల కోచ్‌లతో మాట్లాడటం వచ్చింది. డివిజన్ 2 కోచ్ ఫోన్ చేసేసరికి వాడి మాటలో తడబాటు లేదు.

అబ్బాయి మొదటి సీజన్లో రెండో డబుల్స్ జోడీలో స్థిరపడ్డాడు, సింగిల్స్ ఐదు, ఆరు స్థానాల మధ్య ఆడాడు. ఎన్‌ఐఎల్ (ఆటగాడు తన పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకునే హక్కు) కింద ప్రచార ఒప్పందాలతో డబ్బు చేసుకోవచ్చా అని ఫోన్లో అడిగాడు. ఎఫ్-1 మీద ఆ పనిలోకి దిగడం వీసాకే ముప్పు, వద్దన్నాను. వాడి తమ్ముడు ఇప్పుడు తొమ్మిదో తరగతి, వాడూ టెన్నిసే. అమ్మ ఫోన్ చేసినప్పుడు రెండు పనులు చెప్పాను. ఈ ఏడాది మార్కుల మెమోకు స్కూలు ముద్ర వేయించి స్కాన్ చేసి దాచమన్నాను. డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా పిల్లలకు జవాబివ్వకూడదు, పిల్లలు మాత్రం ఎప్పుడైనా రాయొచ్చు. అందుకని ఇప్పటి నుంచే యూటీఆర్‌లో లెక్కకొచ్చే టోర్నమెంట్లు చూసి ఆడించమన్నాను.